ఆమె ఎక్కితే కదలని జీపు

నేనొక్కడినే పోతే ఆ జీపు ఏనాడూ నన్ను ఏడిపించలేదు. తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్క పట్టుకే అందుకొనేది. మా ఇంటామె పక్క సీట్లో కూర్చున్న రోజే దానికి రోగం వచ్చేది. అదీ అన్ని రోజులూ కాదు, అదే కదా తంటా. ఎప్పుడూ స్టార్టు కాని బండినైతే ఎవురైనా బాగుచేస్తారు. ఒకరోజు అయ్యి, ఒకరోజు కాకుండా, మెకానిక్కు ముందర మాత్రం ఏమీ ఎరగనట్లు నిలబడే బండిని ఏం చేస్తావు? తిట్టుకోవాల్సిందే. నేను బాగా తిట్టినాను.

పుంగనూరులో నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. సదుం, చౌడేపల్లె పక్క నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆటోల్లో వేసుకొని వస్తారు. రాగి తీగ చుట్టీ చుట్టీ నా వేళ్ళు మొద్దుబారిపోయినాయి. కరెంటు పారే దారి యాడ తెగిందో కనుక్కొనేదే నా పని. అట్లాంటోడి ఇంటి ముందరే జీపు మొండికేస్తే వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? "ఏమప్పా, ఊరి మోటార్లన్నీ తిప్పుతావు, నీ జీపు తిరగదేం" అని పాలు పోసే మనిషి కూడా ఎగతాళి చేసేటోడు. నాకు కోపం ముక్కు మీదనే ఉంటాది. "నీ ఎనుముల్ని సూసుకోపో" అని కసిరేటోన్ని. కసిరినాక లోపలికి పోయి, వాడన్న దాంట్లో తప్పేముందిలే అనుకొనేటోన్ని.

జీపు మొదట మాది కాదు. కుప్పంలో మా మామ పట్టుగూళ్ళ వ్యాపారం చేసేటోడు. పల్లెల్లో రైతుల తావ గూళ్ళు తీసుకొని, మూటలు ఆ జీపులో వేసుకొని మార్కెట్టుకు తోలేటోడు. మా ఇంటామె చిన్నప్పుడు ఆ మూటల మీదనే పండుకొని నిద్రపోయేదంట. ఆయన పోయినాక మా బామ్మర్ది దాన్ని పాత ఇనుముకు వేసేస్తానన్నాడు. ఈమె ఒప్పుకోలేదు. "మా నాయన బండి మనింటి ముందర నిలబడితే సాలు, నడవకపోయినా ఏం కాదు" అనింది. తెచ్చినాము. నడిచింది కూడా, శానా ఏండ్లు బాగానే నడిచింది. వాన పడినప్పుడు ఇప్పటికీ దాని వెనక పక్క నుంచి గూళ్ళ వాసన వస్తాది. నాకు ఆ వాసన సరిపడదు. ఆమె మాత్రం వానొస్తే పోయి వెనక సీట్లో రవంతసేపు కూర్చొని వచ్చేది.

తర్వాత ఆమెకు కిడ్నీలు చెడిపోయినాయి. మదనపల్లెలో రక్తం శుద్ధి చేసే మిషన్ మీద దినం తప్పించి దినం పడుకోవాలన్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇది మానితే మనిషి కొన్ని దినాలు కూడా ఉండదు, గుర్తుపెట్టుకో అని కచ్చితంగా చెప్పినాడు. అప్పటినుంచి జీపే మాకు దిక్కయింది. మిషన్ మీది నుంచి లేసినాక ఆమె పిండేసిన గుడ్డ మాదిరి ఉండేది. బస్సులో నిలబడే మనిషి కాదు. దోవలో కడుపులో తిప్పుతాదని చేతిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ పట్టుకొని, వాసన సూసుకుంటా కూర్చొనేది. చౌడేపల్లె నుంచి కూరగాయల ఆటో వస్తే ముందు నిమ్మకాయలు ఏరి పెట్టుకొనేది. ఇంట్లో నిమ్మకాయలకు కరువు ఉండేది కాదు.

మొదటిసారి జీపు మొండికేసిన రోజు నాకు బాగా గుర్తుండాది. పొద్దున్నే తయారై కూర్చున్నాము. తాళం తిప్పితే సప్పుడే లేదు. బ్యాటరీ ముసిలిదైపోయింది, అంతే, అందులో వింతేమీ లేదు. కానీ ఇంగో బండి మాట్లాడుకొని పోయేటప్పటికి మిషన్ ఇంగొకరికి ఇచ్చేసినారు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టినారు. కాళ్ళు వాచిపోయినాయి, మొగం వాచిపోయింది, ఊపిరి ఆడక నా భుజం పట్టుకొని కూర్చునింది. ఆ రోజు ఆమె బాగా బెదిరిపోయింది. నేను ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ తెచ్చి వేసి, "అయిపాయ. ఇంగ దిగులు పెట్టుకోవద్దు" అన్నాను.

అయిపోలేదు. కొన్ని దినాలకే, కొత్త బ్యాటరీ మీద, ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు "కటక్" అనింది. అంతే. ఇంజను కదల్లేదు. లైట్లు వేసి సూస్తే పెండ్లింట్లో మాదిరి వెలుగుతాండాయి. హారను గట్టిగా మోగుతాంది. అంటే బ్యాటరీలో లోపం లేదు, సెల్ఫ్ మోటారులోనే ఉండాదనుకున్నాను. తాళం తిప్పీ తిప్పీ, ఎదురింటోళ్ళ చేత నెట్టించి, ఎట్లో పోయినాము. ఆ రాత్రికే సెల్ఫ్ మోటారు విప్పుకొని షాపుకు తీసకపోయినాను. అది నా విద్యే కదా. కార్బన్లు సూసినాను, బుష్షులు సూసినాను, లోపలి తీగ చుట్టలన్నీ లెక్కగా ఉండాయి. బల్ల మీద పెట్టి కరెంటు ఇస్తే బొంగరం మాదిరి తిరిగింది. అయినా కార్బన్లు మార్చి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించినాను. రెండు మూడు దినాలు నేను ఊర్లో తిరిగితే ఒక్క తాకుకే అందుకొనేది. మీసం దువ్వుకుంటా తిరిగినాను.

ఆస్పత్రి రోజు మళ్ళీ కటక్.

ఆ రోజు పక్కింటాయన లారీ బ్యాటరీ నుంచి రెండు లావు వైర్లు లాగి, ఒకటి మా బ్యాటరీకి, ఇంగొకటి ఇంజనుకు తగిలిస్తే జీపు గబుక్కున లేసింది. దాంతో నాకు కొత్త బ్యాటరీ మీద అనుమానం వచ్చింది. అంగడికి పోయి గొడవ పెట్టుకున్నాను. వాళ్ళు దాన్ని పరీక్ష చేసి బాగుండాదన్నారు. నేను యాడ ఒప్పుకుంటాను? నా నోరు తట్టుకోలేక ఇంగో బ్యాటరీ ఇచ్చి పంపించినారు. దాని మీద కూడా అదే కత. మదనపల్లెలో ఒక మెకానిక్కు తాళం స్విచ్చి మార్చినాడు. ఇంగొకాయన సెల్ఫ్ మీది చిన్న స్విచ్చి మార్చినాడు. ఎవురు మార్చినా నాలుగు దినాలు బాగుండేది. అందరూ నా దగ్గర మంచి పేరు తెచ్చుకొని, తర్వాత పోగొట్టుకున్నారు.

ఈ మధ్యలో ఆమెకు మరుపు ఎక్కువైంది. ఆస్పత్రికి పోయే ప్రతి పొద్దునా ఇల్లు తాళమేసి, జీపు దాకా వచ్చినాక, "ఫ్లాస్కు మర్చిపోయినాను, తెచ్చిపెట్టప్పా" అనేది. ఒకరోజు ఫ్లాస్కు, ఒకరోజు దుప్పటి, ఇంగోరోజు చెప్పులు మార్చుకోవాల అని. "తలకాయ యాడ పెట్టుకుంటావే" అని గొణుక్కుంటా లోపలికి పోయేటోన్ని. తిరిగొచ్చేటప్పటికి ఆమె ఎడమ పక్క ముందు చక్రం తావ, మడ్‌గార్డు పట్టుకొని వంగి నిలబడుండేది. నిలబడేదానికి సత్తువ లేక అట్ల ఆనుకుందేమోనని రెక్క పట్టి సీట్లో కూర్చోబెట్టేటోన్ని. చేతులు నిమ్మకాయ వాసన కొడతా ఉండేవి.

ఆ మాట మొదట ఆమే అనింది. "నువ్వొక్కడివే పోతే అయితాది. నేనెక్కితే కాదు. సూసినావా నువ్వు?" నేను నవ్వినాను. ఇనుముకేం తెలుస్తాదే, ఆడమనిషి ఎక్కిందా మగమనిషి ఎక్కినాడా అని. ఆమె నవ్వలేదు. అందుకని ఒక సాయంత్రం పిలిచి సీట్లో కూర్చోబెట్టి, ఆమె ముందరే పది సార్లు ఆపి ఆపి స్టార్టు చేసినాను. పది సార్లూ అందుకొనింది. "ఇప్పుడేమంటావు?" అన్నాను. ఆమె సీట్లో నుంచి దిగుతా, "యాడికీ పోకపోతే అయితాది. ఆస్పత్రికంటేనే కాదు" అనింది. మరుసటి పొద్దున ఆస్పత్రికి బయల్దేరినాము. కటక్.

ఆమె నా పక్కకు తిరిగి మెల్లగా అనింది: "మా నాయన బండి ఇది. నేను ఆడికి పోయేది ఆయనకి ఇష్టం లేదు. సాలు ఇంగ, రమ్మంటాండాడు."

అప్పటినుంచి నాకు జీపు జీపు కాదు. దాని రోగం కనిపెట్టి, ఇదో, ఈ వైరు తెగింది, ఈ ఇనుప ముక్క చెడింది, నీకూ దీనికీ ఏ సంబంధమూ లేదు అని ఆమె చేతిలో పెట్టి చూపించాల. చూపించకపోతే ఆమె మిషన్ మానేస్తాది. మానేస్తే ఏమయితాదో డాక్టరు చెప్పినాడు. అంతకుముందు చెడిన మోటారు దొరక్కపోతే నిద్రపట్టేది కాదు గానీ భయమేసేది కాదు. ఇప్పుడు భయమేసింది. షాపు మూసినాక ప్రతి సాయంత్రం గోనెపట్ట పరుచుకొని జీపు కింద పండుకొనేటోన్ని. టెస్టు ల్యాంపు పట్టుకొని వైరు వైరూ తడిమేటోన్ని. అంతా బాగుండేది. ఎప్పుడు సూసినా బాగుండేది. ఆమె గడప మీద కూర్చొని, "లేయప్పా, వీపు నొస్తాది" అనేది. "గమ్మునుండు" అని కింద నుంచే కసిరేటోన్ని.

ఎండాకాలం చివర్లో ఆమె జీపు ఎక్కనని తేల్చి చెప్పేసింది. బస్సులో పోతానని పట్టుబట్టింది. పోనీ, ఏదో ఒకదాంట్లో పోతాంది కదా అని ఒప్పుకున్నాను. బస్సులో కూర్చోబెట్టి, వచ్చేటప్పుడన్నా జీపులో రాకపోతాదా అని నేను బస్సు వెనకాలే జీపులో పోయేటోన్ని. ఏం చెప్పేది, ఆ దినాల్లో జీపు ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. బస్టాండు తావ బస్సు కదిలేలోపల నేను తాళం తిప్పితే గురగుర లేసేది. ఆమె బస్సు కిటికీలో నుంచి సూసేది. ఇంటికొచ్చినాక, "సూడు, నేనెక్కకపోతే ఎంత బాగా పోతాందో" అనేది. మొగుడు జీపులో, పెండ్లాం బస్సులో, ఒకే ఊరికి పోయి ఒకే ఊరికి వస్తాంటే జనం ఏమనుకున్నారో ఏమో.

వానలు మొదలయినాయి. రెండుసార్లు బస్సు దిగి తడిసింది. ఇంగో పొద్దున లేపితే, ఈ రోజు వద్దు, రేపు పోతానులే అనింది. నేను కాళ్ళు పట్టుకున్నాను, నిజంగానే పట్టుకున్నాను. "రేపు కచ్చితంగా పోదాం" అని నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ రాత్రి మాటల్లో, "నువ్వు ఆ బండిని తిట్టొద్దప్పా. దాని తప్పేం లేదు" అనింది. తెల్లారి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఒకరోజు మిషన్ తప్పినందుకా అని అడిగితే, అట్లని చెప్పలేమప్పా, ఎప్పుడైనా అయ్యేదే అన్నాడు. ఆ మాట నా మీద జాలితో అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలీదు. ఇంగోసారి అడగలేదు.

కర్మ దినాలన్నీ అయిపోయినాక జీపు మొగం సూడబుద్ధి కాలేదు. కుప్పం నుంచి మా బామ్మర్ది వచ్చినప్పుడు, తీసకపోరా, నీ నాయనదే కదా అన్నాను. వాడు తోలలేడు, కండ్ల నిండా నీళ్ళు. నేనే తోలకొచ్చి ఇస్తానన్నాను. పలమనేరు మీద కుప్పం పోయినాను. దోవలో టీ తాగేదానికి ఆపినా, డీజిల్ పట్టేదానికి ఆపినా, ఒక్క తాకుకే లేసింది. దాని మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇప్పుడు ఎవురికోసమని లేస్తాండావు అనుకున్నాను.

కుప్పంలో బామ్మర్ది నన్ను ఒక పాత మెకానిక్కు షెడ్డుకు తీసకపోయినాడు. మా మామ ఉన్నన్నాళ్ళూ ఆ జీపు పని అంతా ఆయనే సూసేటోడంట. మాటల్లో సగం అరవం కలుస్తాది ఆ మనిషికి. బండి ఇచ్చేముందు ఒకసారి చూపిద్దామనే పోయినాము. ఏం కంప్లైంటు అన్నాడు. నేను మొదటి నుంచి చెప్పుకొచ్చినాను, ఆమె ఎక్కితే కాదనే మాట తప్ప అన్నీ చెప్పినాను. ఆ మాట బామ్మర్ది చెప్పినాడు, అక్క వానితో అనిందంట.

ఆయన అంతా ఇన్నాడు. జీపు చుట్టూ ఒకసారి నడిచి, పాత బండిని సూసిన ముచ్చటలో, "పెద్దాయన ఆయుధపూజకు నిమ్మకాయ ఈడ పెడతా ఉండె" అని ఎడమ పక్క ముందు చక్రం వెనక, ఇంజనుకూ చట్రానికీ నడిమి సందులో చెయ్యి పెట్టినాడు. ముందర కడితే అందరి కండ్లూ పడతాయని, ఎవురికీ కనపడని తావ పెడితేనే దిష్టి ఆగుతాదని మా మామ నమ్మకమంట. ఏడాదికి ఒక కాయ. సర్వీసుకు వచ్చినప్పుడు ఈయన తీసి పారేసేటోడు.

చెయ్యి పెట్టిన మనిషి లోపల ఏదో పట్టుకున్నాడు. బయటికి తీస్తే వేళ్ళ నడిమిన నల్లగా ఎండిపోయిన కాయ ఒకటి. మళ్ళీ పెట్టినాడు, ఇంగోటి. అట్ల తీస్తానే ఉండాడు. కొన్ని గోలీల మాదిరి గట్టిపడిపోయినాయి, కొన్ని ముట్టుకుంటే పొడి అయిపోతాండాయి. నేల మీద గోనె పరిచి దాని మీద పెట్టినాడు, కుప్ప అయింది. ఒకదాని మీద మాత్రం కుంకుమ ఇంకా ఎర్రగా కనపడతాండాది.

బామ్మర్ది నోట్లో నుంచి మాట మెల్లగా వచ్చింది. "చిన్నప్పుడు నాయన అక్క చేతనే పెట్టించేటోడు బావా. ఆయన చెయ్యి ఆ సందులో దూరేది కాదు. అక్క చెయ్యి చిన్నది."

ఇంగ నాకు ఎవురూ ఏమీ చెప్పే పని లేకపోయింది. టార్చి తీసుకొని నేనే వంగి సూసినాను. ఇంజనును చట్రానికి కలిపే ఎర్తు పట్టీ, సెల్ఫ్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, అక్కడే ఉండాది. దాని బోల్టు నిమ్మ పులుపుకు తుప్పు పట్టి, వదులై, పచ్చగా చిలుము కట్టుకొని ఉండాది. పచ్చి నిమ్మకాయ పక్కకు పడిన రోజు బండి లేస్తాది, సరిగ్గా పట్టీ కింద దూరిన రోజు పట్టీ రవంత లేస్తాది, కరెంటు పారదు, సెల్ఫ్ కటక్ అంటాది. నెట్టి స్టార్టు చేసి తోలితే ఇంజను వేడికి కాయ వాడిపోతాది, పట్టీ మళ్ళీ కూర్చుంటాది. సాయంత్రం నేను గోనెపట్ట మీద పండుకొని సూసేటప్పటికి అంతా బాగుంటాది, కింద నుంచి ఆ సందు కనపడదు. లారీ బ్యాటరీ వైరు నేరుగా ఇంజనుకు తగిలించినాను కాబట్టి ఆ రోజు లేసింది. వైండింగ్ చేసేటోన్ని, కరెంటు పోయే దారే సూసినాను, తిరిగొచ్చే దారి సూడలేదు.

ఫ్లాస్కు మర్చిపోవడం కాదు అది. మొదటిసారి బ్యాటరీ అయిపోయి బెంచీ మీద ఊపిరాడక కూర్చున్న రోజు ఆమె బెదిరిపోయింది కదా, ఆ బెదురులో నాయన చెప్పిన పని గుర్తొచ్చుంటాది. నాకు చెబితే ఎగతాళి చేస్తానని తెలుసు. చేసేటోన్నే. అందుకని నన్ను లోపలికి పంపించి, సత్తువ లేని ఒంటితో వంగి, ఈ బండి ఈ రోజు నన్ను ఆస్పత్రికి చేర్చాల అని మొక్కుకొని కాయ పెట్టేది. పెట్టినందుకే అది కదిలేది కాదు. కదల్లేదని మరుసటి సారి ఇంకా బాగా లోపలికి కుక్కేది. నాయన రమ్మంటాండాడని నోటితో అనింది గానీ, అది పోవాలనుకున్న మనిషి చేసే పని కాదు. బతకాలని ఎంత ఆశ పెట్టుకుందో ఆ గోనె మీద కుప్పగా కనపడతాండాది. ఆమె మూలంగా కాదని చూపించాలని నేను జీపు కింద పడి దొర్లినాను. తీరా సూస్తే ఆమె చెయ్యే. నేను టైరు మీద కూర్చొని బామ్మర్ది ముందర చిన్నబిడ్డ మాదిరి ఏడ్సినాను.

మెకానిక్కు గరుకు కాగితంతో చిలుమంతా గీకి, కొత్త బోల్టు వేసి బిగించినాడు. కాయల్ని కాలవలో పారేసేదా అని అడిగినాడు. వద్దన్నాను. కుంకుమ ఉన్నదాన్ని తీసుకొని చొక్కా జేబులో వేసుకున్నాను. మిగిలినవి బామ్మర్ది గోనెతో సహా చుట్టి పెట్టుకున్నాడు. జీపు నేనే వెనక్కి తోలుకపోతానంటే వాడు సరేనన్నాడు. తాళం నా చేతిలో పెట్టి, "నిదానంగా పో బావా" అన్నాడు.

ఇప్పుడు దానికి ఏ రోగమూ లేదు. మదనపల్లెకు రాగి తీగ కోసం పోతాంటాను, ఆ ఆస్పత్రి ముందరే పోతాంటాను. ఎవురిని ఎక్కించుకున్నా, యాడికి పోయినా ఒక్క తాకుకే అందుకుంటాది. ఒక్కో పొద్దున, వీధిలో ఎవురూ లేనప్పుడు, బయల్దేరేముందు పక్క సీటు మీద దుమ్ము తుడిచి, "ఎక్కుమే, ఇప్పుడు అయితాది" అంటాను. రవంతసేపు ఆగి తాళం తిప్పుతాను. అయితాది.